కనబడని ఊత

"మరమ్మతు" అను మాట మనకు అరబ్బీ భాషనుండి పారసీకము ద్వారా వచ్చినది. హిందీవారును దానినే వాడుదురు. సొంత మాటతో చెప్పవలసివచ్చినప్పుడు తెలుగువాడు "బాగుచేయుట" అనును. హిందీవాడు "ఠీక్ కర్‌నా" అనును. దేవాలయముల విషయములో మాత్రము ఉభయులును సంస్కృతమునకు పోయి "జీర్ణోద్ధారము" అందురు. ఈ మాటలవద్ద కొంచెము ఆగి చూచినచో ఒక విశేషము తోచును. విరిగినదానిని మరల నిలబెట్టుటకు మనవారు పెట్టుకొన్న పేర్లలోనే మంచిచెడుల విచారము చేరియున్నది. కుర్చీకాలు అతికినవాడు కూడ దానిని "బాగు" చేసినవాడే. అయినచో ఒక వస్తువు నిజముగా బాగుపడుట ఎప్పుడు? చూచువారి కంటికి బాగుగా కనబడినప్పుడా? పూర్వమువలె పనిచేసినప్పుడా? లేక ఈ రెండింటితోబాటు ఇంకొకటి కూడ కావలెనా?

ఇట్టి ప్రశ్నలను దేవాలయములను, శిల్పములను, ప్రాచీన గ్రంథములను పట్టుకొని చర్చించుట పరిపాటి. అవి గొప్పవి కనుక వాటియెదుట మనమందరమును ధర్మాత్ములమే. గొప్పతనము లేనిచోట ధర్మము ఎట్లుండునో చూడవలెనన్నచో చిన్న వస్తువును తీసుకొనుట మేలు. నేను తీసుకొన్నది పాత మోటారుకారు వెనుక మడ్‌గార్డుక్రింద ఉండు ఒక ఇనుప ముక్క. షెడ్లలో దీనిని బ్రాకెట్టు అనియో సపోర్టు అనియో పిలుతురు. ఈ వ్యాసములో దానిని ఊతకమ్మి అనెదను.

ఈ కాలపు కార్లలో వెనుక మడ్‌గార్డు సాధారణముగా కారు ఒంటిలోనే కలిసిపోయి ఉండును. 1920, 1930 దశకముల కార్లలో అట్లు కాదు. చక్రముమీద గొడుగువలె వంగిన రేకు ఒకటి విడిగా ఉండును. దాని లోపలి అంచును బోల్టులతో కారు ఒంటికి బిగింతురు. మధ్యలో కిరకిరలాడకుండ ఒక బీడింగు పెట్టుదురు. బయటి అంచు గాలిలో వ్రేలాడుచుండును. రేకు మందము ఒక మిల్లీమీటరుకు అటునిటుగా మాత్రమే ఉండును. చక్రము విసరు రాళ్లు, బురద, దారి గతుకుల అదురు, వీటన్నిటిని ఆ పలుచని రేకు లోపలి అంచు బలముతోనే మోయలేదు. అందుచేత ఛాసీనుండియో ఒంటి చట్రమునుండియో ఒక కమ్మి బయలుదేరి, మడ్‌గార్డు అడుగునకు పోయి, దాని బరువును పట్టుకొనును. అదియే ఊతకమ్మి. కారును నిలువున చూచువానికి అది కనబడదు. నేలమీద వెల్లకిల పండుకొని, చేతిదీపము పట్టుకొని, చక్రము వెనుకకు తొంగిచూచినవానికే కనబడును. కనబడినను అందులో చూడదగినదేమియు లేదు. బురద అంటిన ఇనుము.

ఇప్పుడొక సందర్భమును ఊహింతము. రాయపూరునుండి దక్షిణముగా ధమ్తరీ పోవు దారిలో సుమారు 30 కిలోమీటర్ల దూరమున అభన్‌పూర్ అను ఊరు ఉన్నది. ఆ దారి మనకు పరాయిది కాదు. ఇప్పుడు 30వ నంబరు జాతీయ రహదారి అనిపించుకొను ఆ బాటయే జగదల్‌పూరు, కొంట, భద్రాచలముల మీదుగా వచ్చి విజయవాడ దగ్గరి ఇబ్రహీంపట్నమున ఆగును. ఆ బాట ప్రక్కన అభన్‌పూరులో ఒక మిస్త్రీ ఉన్నాడనుకొందము. హిందీలోని మిస్త్రీయు, తెలుగులోని మేస్త్రియు ఒకే పోర్చుగీసు మాటనుండి పుట్టినవే. మనవాడు గోడలు కట్టును, వారివాడు యంత్రములు కూడ బాగుచేయును. ఆ మిస్త్రీ షెడ్డునకు తొంబది ఏండ్లనాటి కారు ఒకటి వచ్చినది. వెనుక కుడివైపు ఊతకమ్మి ఉన్నది. ఎడమవైపుది ఎన్నడో ఊడిపోయినది. యజమాని రాయపూరులో ఉండును. ఆయనకు కావలసినది మెరయు కారు. ఊతకమ్మి అను వస్తువొకటి ఉండునని ఆయనకు తెలియదు.

మిస్త్రీయెదుట మూడు దారులున్నవి. మొదటిది: ఊతకమ్మి మాటే ఎత్తకుండ, లోపలి అంచు బోల్టులనే గట్టిగా బిగించి, పగుళ్లకు లప్పము పెట్టి, రంగు కొట్టి పంపుట. రెండవది: బజారులో దొరకు ఇనుప పట్టీని తెచ్చి, వంచి, రంధ్రములు కలియనిచోట మడ్‌గార్డు రంధ్రములనే పెద్దవిచేసి బిగించుట. మూడవది: కుడివైపు కమ్మిని విప్పి, కొలతలు తీసి, ఎడమకు తగినట్లు తిరుగవేసి, ఇనుమును కాల్చి సాగగొట్టి క్రొత్తదానిని తయారుచేసి, ఆ కారునకే అమరునట్లు కూర్చుట. మొదటిదానికి ఒక పూట చాలును. మూడవదానికి కొన్ని దినములు పట్టును. కారు షెడ్డునుండి బయటికి పోవు నాడు మూడింటికిని కంటికి కనబడు భేదము లేదు.

చట్టము ఏమైన చెప్పునా అని చూతము. పాత వాహనముల నమోదునకై భారత ప్రభుత్వము 2021 జులైలో ప్రత్యేక నియమములు చేసినది. వాటి ప్రకారము మొదటి నమోదునుండి ఏబది ఏండ్లు దాటి, మూల రూపమున నిలుపబడినదియు, ఛాసీ, ఒంటి చట్రము, ఇంజను వీటిలో పెద్ద మార్పులు పొందనిదియు అగు రెండు లేక నాలుగు చక్రముల వాహనము "వింటేజి" అనిపించుకొనును. ఆ బండ్ల నంబరులో "వీఏ" అను అక్షరములు చేరును. ఈ నియమములు సబబైనవే. కాని మన ఊతకమ్మి ఛాసీ కాదు, ఒంటి చట్రము కాదు, ఇంజను కాదు. అది లేకపోయినను నమోదు ఆగదు. అనగా చట్టము అడుగదు, యజమాని అడుగడు, చూచువారు అడుగరు. అడుగువాడెవ్వడును లేనిచోట మిగులు ప్రశ్నయే ధర్మప్రశ్న.

ఇచ్చట ఒక పండితుడు అడ్డుతగులవచ్చును. "ఒక్కొక్క ముక్కను మార్చుచు పోయినచో అది అదే కారు అగునా? ముందు దానిని తేల్చుడు" అనవచ్చును. ఈ ప్రశ్న మన దేశమున చాల పాతది. క్రీస్తుపూర్వము రెండవ శతాబ్దిలో పంజాబు ప్రాంతమును ఏలిన యవనరాజు మినాండరు బౌద్ధసాహిత్యములో మిలిందుడయినాడు. ఆయనతో నాగసేనుడను భిక్షువు జరిపిన సంవాదము పాలీలో "మిలిందపన్హ"గా నిలిచియున్నది. రాజు రథమెక్కి వచ్చినానని చెప్పగా, భిక్షువు రథమనగా ఏదియని అడుగును. నొగయా? ఇరుసా? చక్రములా? కాడియా? వీటిలో ఏ ఒక్కటియు రథము కాదు; ఇవి వినా వేరొక రథమును లేదు. ఈ అంగముల కూడికను పట్టి లోకము వాడుకొను పేరే రథము. భిక్షువు దీనిని మనిషి విషయమై చెప్పదలచి రథమును ఉదాహరణగా తీసుకొన్నాడు. మన కారునకు మాత్రము ఉదాహరణయే సరిపోయినది.

మన దేశమే ఇంకొక ఉదాహరణను ఏటేటా చూపుచున్నది. పూరీలో జగన్నాథ, బలభద్ర, సుభద్రల రథములకు క్రమముగా పదునారు, పదునాలుగు, పండ్రెండు చక్రములుండును. అక్షయ తృతీయనాడు పని మొదలుపెట్టి ఆ మూడు రథములను ప్రతి సంవత్సరము క్రొత్త కలపతో కట్టుదురు. అయినను జగన్నాథుని రథము నిరుటిదియు నందిఘోషమే, ఈ ఏటిదియు నందిఘోషమే. ఇది నకలు అని ఎవ్వరును అనరు.

అభన్‌పూరువారికి ఈ సంగతి చెప్పుటకు రథములతో పనిలేదు. రెండడుగుల ఆరంగుళముల వెడల్పుగల చిన్న రైలుమార్గము ఒకటి రాయపూరునుండి ధమ్తరీకి ఆ ఊరిమీదుగా పోయెడిది; అక్కడనే చీలి మహానది ఒడ్డునగల రాజిమునకు ఒక శాఖ పోయెడిది. బెంగాలు నాగపూరు రైల్వే కాలమున వేసిన మార్గమది. ఆ చిన్న పట్టాలు పోయి పెద్ద పట్టాలు వచ్చినవి. 2025 మార్చి 30న అభన్‌పూరు, రాయపూరుల మధ్య క్రొత్త విద్యుద్రైలు మొదలైనది. పట్టాలు మారినవి, వాటి నడుమ వెడల్పు మారినది, బండ్లు మారినవి. అయినను ఊరివారు "మన రైలు తిరిగి వచ్చినది" అన్నచో వారిని తప్పుపట్టగలవారెవరు? మార్పు అందరియెదుట జరిగినది. ఎవ్వరును దానిని దాచలేదు.

కనుక "అదే వస్తువా, కాదా" అనునది లోకవ్యవహారమునకు సంబంధించిన ప్రశ్న. ఏ పేరు ఎంతవరకు నిలుచునో లోకము ఒప్పుకొని నిర్ణయించుకొనును. ధర్మప్రశ్న వేరు. లోకము ఒప్పుకొనునప్పుడు దానికి నిజము తెలిసియున్నదా అనునదియే ఆ ప్రశ్న. పూరీలో రథము క్రొత్తదని తెలియని భక్తుడు లేడు. అభన్‌పూరులో పట్టాలు మారినవని తెలియని ప్రయాణికుడు లేడు. రాయపూరు యజమానికి మాత్రము తన మడ్‌గార్డుక్రింద ఏమున్నదో తెలియదు. కారు అదియేనా కాదా అనుటలో కాదు, ఆయన తెలియమిని మిస్త్రీ ఎట్లు వాడుకొనును అనుటలోనే మంచిచెడులున్నవి.

ఆ తెలియమి ఎంత లోతైనదో తెలియుటకు ఊతకమ్మిని బిగించు పద్ధతిని కొంచెము చూడవలెను. ముందుగా కారు ఒంటిని ఛాసీమీద సరిగా కూర్చోబెట్టి, తలుపుల సందులు సమముగా ఉన్నవో లేవో చూచుకొనవలెను; ఒంటి కుదురు తప్పినచో మడ్‌గార్డు ఎన్నటికిని కుదురదు. పిమ్మట మడ్‌గార్డును, ఊతకమ్మిని అన్ని బోల్టులతోను తగిలించి, ఏ ఒక్కదానిని పూర్తిగా బిగింపక వదులుగా ఉంచవలెను. చక్రమునకును రేకునకును నడుమ ఎడమును, రెండు ప్రక్కల ఎత్తును సరిచూచి, కమ్మికిని రేకునకును సందు ఉన్నచోట పలుచని బిళ్లలు పెట్టి, అప్పుడు కొంచెము కొంచెముగా, ఒకదాని తరువాత ఒకటిగా బిగించుకొని రావలెను. ఇట్లు చేయక ఒక చివర ముందే గట్టిగా బిగించి, రెండవ చివర కలియనప్పుడు బోల్టుతో బలవంతముగా లాగినచో, కలియుట మాత్రము కలియును. ఆ నాడు ఏ దోషమును కనబడదు. కాని ఆ లాగుడంతయు రేకులో నిలిచియుండును. దానిపై దారి అదురు చేరి, కొన్నాళ్లకో కొన్నేండ్లకో బోల్టు రంధ్రపు అంచున వెండ్రుకవంటి పగులు పుట్టును. పగులు పుట్టునది కమ్మిలో కాదు, తొంబది ఏండ్ల పాత రేకులో. అప్పుడు జనులు "పాతబండి కదా, రేకు చచ్చిపోయినది" అందురు. క్రొత్త పని చేసిన తప్పునకు పాత రేకు నింద మోయును.

కనబడని పనిలోగల విశేషమిదియే. దాని ఫలము వేరొక చోట, వేరొక కాలమున, వేరొకనిమీద పడును. బయటి రంగు చెడినచో యజమాని మరునాడే వచ్చి అడుగును. అక్కడ మిస్త్రీని సరిగా నడుపుటకు లోకభయము చాలును. ఊతకమ్మివద్ద ఆ భయము లేదు. అచ్చట ఉన్నది అతడు, ఇనుము, రేపు ఆ కారును తోలువాడు. ఆ మూడవవాడు అక్కడ లేడు, మాటాడలేడు, బేరమాడలేడు. ఎదుటలేనివానిని ఎదుట ఉన్నవానివలె ఎంచి పనిచేయుటయే ఇచ్చట కావలసిన ధర్మము. దేవుడు చూచుచున్నాడని కొందరు ఈ మాటనే వేరొక విధముగా చెప్పుదురు. నాకు అంతదూరము పోనవసరము లేదు. రేపు ఆ బోల్టును విప్పువాడు చూచును, అది చాలును.

దీనికి బలమైన ఆక్షేపణ ఒకటి ఉన్నది. "మీరు చెప్పునది తీరిక గలవారి ధర్మము. ఆ మిస్త్రీ దినమున నాలుగు మోటారుసైకిళ్లు, రెండు ట్రాక్టర్లు చూచిననే ఇల్లు గడచును. ధనవంతుని ముచ్చటకారునకు కొన్ని దినములు ధారపోయుమని పేదవానికి చెప్పుట న్యాయమా? ఈ దేశము జుగాడ్‌తోనే నడచుచున్నది" అందురు. హిందీవారి జుగాడ్ అను మాటకు తెలుగులో సరియైన సాటి లేదు. "ఎట్లో ఒకట్లు పని జరిపించుట" అని విడమరచి చెప్పుకొనవలెను. ఈ ఆక్షేపణలో సత్యమున్నది. కోతల నాడు పొలములో ట్రాక్టరు ఆగినప్పుడు తీగతో కట్టి నడిపించినవాడు నిందార్హుడు కాడు, ప్రశంసార్హుడు. కాని అతని పనిలో ఒక గుణమున్నది, దానిని మరువరాదు. ఆ తీగ అందరికి కనబడును. రైతునకు తెలియును, అది నాలుగు దినములకు మించి ఆగదని. ఆ జుగాడ్ తన బీదతనమును తానే చాటుకొనుచున్నది. లప్పముక్రింద దాగిన లోపము అట్టిది కాదు. అది బాగుపడినట్లు నటించును. కనుక భేదము ఖరీదులో లేదు. మిస్త్రీకి దినములు లేనిచో, యజమానికి ధనము పెట్టు ఇష్టము లేనిచో, "అయ్యా, ఎడమ ప్రక్క ఊత లేదు, తాత్కాలికముగా పట్టీ వేసినాను, దూరపు దారులకు తీసుకొనిపోవలదు" అని చెప్పుటకు ఒక్క నిమిషము చాలును. పేదతనము ఆ నిమిషమును ఎవ్వరినుండియు తీసికొనలేదు. కొన్ని దినముల పనికి కూలి ఇయ్యకుండ కొన్ని దినముల పనిని కోరు యజమానియు ఈ విచారణలో తప్పించుకొనలేడు. నిజము చెప్పువానికి పని పోవునట్లు చేసి, పిమ్మట అబద్ధమును నిందించుట న్యాయము కాదు.

మూడవ దారిని పట్టినవానికి కూడ ఒక ప్రలోభము కాచుకొనియున్నది. అది భక్తినుండి పుట్టునది కనుక గుర్తించుట కష్టము. చక్కగా కాచి చేసిన క్రొత్త కమ్మిని చూచి, "ఇది కూడ ఆనాటిదే అనిపించిన ఎంత బాగుండును" అని మనసు పుట్టును. మందు పూసి త్రుప్పు పట్టింపవచ్చును. కర్మాగారపు పాత ముద్రను అనుకరించి కొట్టవచ్చును. అప్పుడు పని మంచిదైయుండియు మాట అబద్ధమగును. 1964లో వెనీసునగరమున కట్టడముల పరిరక్షకులు కూడి ఒక పత్రమును సిద్ధపరచినారు. లోపించిన భాగములకు బదులు పెట్టునవి మొత్తముతో కలిసిపోవలెననియు, అయినను మూలమునుండి వేరుగా గుర్తింపదగియుండవలెననియు, ఊహ మొదలగు చోట జీర్ణోద్ధారము ఆగిపోవలెననియు అందులో నిర్ణయించినారు. పాత వాహనముల అంతర్జాతీయ సమాఖ్య 2012లో టూరినునగరమున తాను ఆమోదించిన పత్రమునకు వెనీసుపత్రమునే మార్గదర్శకముగా గ్రహించినది. మన మిస్త్రీకి ఈ పత్రములు తెలియకపోయినను లోపములేదు. క్రొత్త కమ్మి లోపలివైపున, రంగు వేయకముందు, పని చేసిన సంవత్సరమును చిన్న పొంచితో కొట్టినచో చాలును. కంటికి కలిసిపోవును, వెదకువానికి దొరకును. రెండు ధర్మములును అంతటితో నెరవేరును.

ఇంకొక నియమము ఇనుమునుండియే నేర్వదగియున్నది. క్రొత్త కమ్మి రంధ్రము పాత రేకు రంధ్రముతో కలియనప్పుడు దేనిని మార్చవలెను? రేకు మెత్తనిది, దానిని పెద్దచేయుట సులభము. కాని తొంబది ఏండ్లలో ఛాసీ కొంచెము మెలిపడియుండును, రేకు తన ఒంపును తాను సంపాదించుకొనియుండును. వేరొక కారు కొలతలతో చేసిన కమ్మి దీనికి అమరకపోవుట సహజమే. అప్పుడు కమ్మిని మరల కొలిమిలో పెట్టవలెను. వంగవలసినది క్రొత్తది. పాతదానికి వంగు శక్తి లేదు. దానిని వంచుటనగా విరుచుటయే. ఆదుకొనుటకు వచ్చినవాడు ఆదుకొనబడువానిని తన కొలతకు తగ్గట్లు కోయరాదు.

అనువాదము చేయువానికి ఈ నియమము కొత్త కాదు. హిందీలో "హమ్" అను ఒక్క మాట ఉన్నది. తెలుగులో అది "మనము" కావలెను, లేక "మేము" కావలెను. మూలములో ఒక పాత్ర "హమ్" అన్నప్పుడు ఎదుటివానిని తనలో కలుపుకొన్నదా, వెలిగా ఉంచినదా అను సంగతిని అనువాదకుడు కథనంతయు వెనుకకు తిరుగవేసి తేల్చుకొనవలెను. ఒక కుటుంబములో పాలివారి మాటలు సాగుచున్నప్పుడు "మన పొలము" అనుటకును "మా పొలము" అనుటకును ఎంత దూరమున్నదో తెలుగువానికి చెప్పనక్కరలేదు. తప్పు మాట వేసినను వాక్యము చక్కగానే చదువబడును. హిందీ రాని పాఠకుడు దానిని పట్టుకొనలేడు. కథ ఎక్కడనో బెసికినప్పుడు మూలరచయితనే తప్పుపట్టును. బోల్టుతో లాగిన రేకు పగిలినప్పుడు పాతబండిని నిందించినట్లే ఇదియును.

మొదట వేసుకొన్న ప్రశ్నకు ఇప్పుడు సమాధానము చెప్పవచ్చును. కంటికి బాగుగా కనబడుట యజమాని కోరిక. దానిని తీర్చుట మర్యాద. పూర్వమువలె పనిచేయుట వస్తువు కోరునది. దానిని తీర్చుట నైపుణ్యము. ఈ రెండును ఉన్నచో వస్తువు చక్కబడును. బాగుపడుటకు మాత్రము మూడవది కూడ కావలెను: చేసిన పనిలో దాచినది ఏదియు ఉండరాదు. కంటికి మరుగున ఉండుట వేరు, దాచుట వేరు. ఊతకమ్మి తన స్థానమునుబట్టి మరుగున ఉండును, అందులో దోషములేదు. ఆ మరుగును ఆసరాగా చేసికొని లేనిదానిని ఉన్నట్లు, క్రొత్తదానిని పాతదానివలె చూపుటయే దోషము.

లోకములోని ఊతలలో చాలభాగము ఇట్లు మరుగుననే ఉన్నవి. వంతెన పునాది, ఆసుపత్రిలో శుద్ధిచేసిన పనిముట్టు, బడిపుస్తకములో సరిచూచిన అంకె, ఇవన్నియు చూచువారు లేనిచోట ఎవ్వరో చేసిన పనులు. మనము వాటిని పరీక్షింపకుండనే నమ్ముచున్నాము. పరీక్షింపవలెనన్నచో ఒక్క దినము కూడ గడువదు. అందుచేత అభన్‌పూరు మిస్త్రీయెదుట ఉన్న ప్రశ్న ఒక ధనవంతుని ముచ్చటకు సంబంధించినది మాత్రమే కాదు. తెలియనివాడు నమ్మి అప్పగించినదానిని తెలిసినవాడు ఏమి చేయును అను ప్రశ్న అది. ఆ కారు మరల ఏ నలువది ఏండ్లకో వేరొక షెడ్డునకు పోవును. అక్కడి కుర్రవాడొకడు బురదను గీకి, బోల్టు విప్పి, కమ్మిని చేతిలోనికి తీసుకొనును. అందులో రెండు వైపుల కొలతలు కలిసియుండుటను, లాగుడు లేకుండుటను, లోపలివైపున సంవత్సరపు గుర్తును చూచినచో, ఎదుట ఎవ్వరును లేకుండనే అతనికి పని చెప్పియిచ్చువాడొకడు దొరకినట్లగును. లప్పము ఊడి చేతిలోనికి వచ్చినచో, అతడు కూడ లప్పమునే నేర్చుకొనును.